మంత్రపు కట్లు దాటడం ఎలా? ఫాంటసీ ఆటల్లో తాళాలు, గ్లిఫ్‌లు, దిగ్బంధనాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగుళూరు మారతహళ్లిలో మా ఇంటి డైనింగ్ టేబుల్ మీద ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆట సాగుతుంది. అనంతపురం, నెల్లూరు, చిత్తూరు, గుంటూరు వాళ్లం ఐదుగురం, మైసూరు మిత్రుడు ఒకడు. ఆట నడిపించే డీఎం (డంజన్ మాస్టర్) కుర్చీ నాది. కొత్తగా ఎవరు చేరినా, మంత్రం వేసిన తలుపు ఎదురుపడిన మొదటి రోజే అవే ప్రశ్నలు అడుగుతారు. వాటికి నేను ఇచ్చే జవాబులన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాను.

రక్షణ మంత్రాలన్నిటినీ మా టేబుల్ దగ్గర "కట్టు" అంటాం. ఊళ్లో దెయ్యానికి కట్టు కట్టారంటారే, ఆ మాటే. ఇక్కడి అంకెలు మేం ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాత్రలు ధరించి కథ నడిపే పాచికల ఆట) ఐదో ఎడిషన్‌వి, అంటే 2014 నాటి పుస్తకానివి. మీరు 2024 పుస్తకంతో ఆడుతుంటే ఒకసారి సరిచూసుకోండి. ఈ ఆట 5.1 నియమావళి 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదలైంది కాబట్టి ఈ మంత్రాల పాఠం ఉచితంగా చదువుకోవచ్చు. చదవండి. కట్టు విప్పే కిటుకు సగం ఆ పాఠంలోనే ఉంటుంది.

అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

ఒక్క ప్రశ్నతో: ఈ కట్టు వేసినవాడు రోజూ ఎలా వచ్చిపోతున్నాడు?

ఎంత గొప్ప మాంత్రికుడైనా తన ఇంట్లోకి తాను రావాలి. వంటమనిషి రావాలి, శిష్యుడు రావాలి, కట్టెలు మోసేవాడు రావాలి. వాళ్లందరి కోసం కట్టులో ఎక్కడో ఒక సడలింపు ఉండి తీరుతుంది: ఒక మాట, ఒక గుర్తు, ఒక మినహాయింపు. మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర చుట్టాలొస్తే ఓటీపీ అడుగుతారు, ఫోన్ చేయిస్తారు, పుస్తకంలో సంతకం పెట్టిస్తారు. నీళ్ల క్యాన్లు వేసే అబ్బాయి మాత్రం భుజాన క్యానుతో ఎనిమిదో అంతస్తు వంటింటి దాకా నడిచిపోతాడు. కోటను చూడగానే అందులో ఆ అబ్బాయి ఎవరో వెతకండి. స్పెల్ స్లాట్ల (రోజుకు ఇన్ని మంత్రాలే వేయొచ్చన్న పరిమితి) లెక్క తర్వాత.

కట్టు ఉందని ముందుగా తెలిసేదెలా?

డిటెక్ట్ మేజిక్ మొదటి స్థాయి మంత్రం. రిచువల్‌గా, అంటే క్రతువులా నెమ్మదిగా చేస్తే 10 నిమిషాలు ఎక్కువ పడుతుంది కానీ స్లాట్ ఖర్చు కాదు. మీ చుట్టూ 30 అడుగుల్లో మంత్రం ఉంటే తెలుస్తుంది. ఒక యాక్షన్ (మీ వంతులో చేసే పని) వెచ్చిస్తే, కంటికి కనిపించే వస్తువు చుట్టూ మసక కాంతి కనబడి అది ఏ విద్యకు చెందినదో చెబుతుంది. అబ్జురేషన్ అని వస్తే అది రక్షణ విద్య, అక్కడే ఆగండి.

అయితే దానికి అడ్డంకులున్నాయి. 1 అడుగు రాయి, 1 అంగుళం మామూలు లోహం, 3 అడుగుల చెక్క లేదా మట్టి, పల్చటి సీసం రేకు, వీటిలో ఏది అడ్డొచ్చినా అవతలిది తెలియదు. "ఏమీ లేదు" అని జవాబొచ్చిన తలుపు వెనక సీసం రేకు ఉండొచ్చు. మంత్రం ఏమీ చెప్పనప్పుడు కళ్లు వాడాలి. పనిమనిషి మూడో మెట్టు ఎందుకు దాటేసి ఎక్కుతోంది? ఆ గుమ్మం ఒక్కటే ఎందుకు దుమ్ము పట్టింది? ఇలాంటివి అడిగే ఆటగాడికి నేను డైస్ వేయించను, నేరుగా చెప్పేస్తాను. అడగడమే తెలివి.

ఇక వస్తువు మహిమ ఏమిటో చెప్పే ఐడెంటిఫై మంత్రం విషయంలో జాగ్రత్త. ఆ మంత్రం జరిగినంతసేపూ వస్తువును తాకుతూ ఉండాలి. తాకితే పేలే దాన్ని తాకి, అది ఏమిటో తెలుసుకోవాలనుకోవడం మంచి పథకం కాదు.

డిస్పెల్ మేజిక్ ఉంటే చాలదా?

చాలాసార్లు చాలు. ఇతర మంత్రాలను రద్దు చేసే మూడో స్థాయి మంత్రం ఇది, 120 అడుగుల దూరం నుంచి వేయొచ్చు. మూడో స్థాయి దాకా ఏ కట్టయినా డైస్ వేయకుండానే పోతుంది. నాలుగు, ఆపైన స్థాయి అయితే 10కి మంత్రం స్థాయి కలిపినంత సంఖ్య అందుకోవాలి. ఇక్కడ కొత్తవాళ్లు ఒక పొరపాటు చేస్తారు: ఈ చెక్‌కి (పాచిక వేసి చేసే పరీక్షకి) ప్రొఫిషియెన్సీ (నైపుణ్యానికిచ్చే అదనపు అంకె) కలపకూడదు. ఇంటెలిజెన్స్ 18 ఉన్న విజార్డుకు (మాంత్రికుడి పాత్రకు) +4 మాత్రమే. ఆరో స్థాయి కట్టు మీద 16 రావాలి, అంటే 20 ముఖాల పాచిక మీద 12 లేదా ఆపైన. 20లో 9 అవకాశాలు. ఆరో స్థాయి స్లాటే వాడితే మాత్రం ఏమీ వేయక్కర్లేదు.

ఐదో లెవెల్ (లెవెల్ పాత్రది, స్థాయి మంత్రానిది) విజార్డుకు మూడో స్థాయి స్లాట్లు రెండే. మొదటి గుమ్మం దగ్గర ఒకటి, వరండాలో ఒకటి ఖర్చుపెడితే లోపల మాంత్రికుడు ఎదురైనప్పుడు చేతులు ఖాళీ. పైగా ఇల్లంతటికీ కాపలా వేసే గార్డ్స్ అండ్ వార్డ్స్ లాంటి వాటిలో పొగమంచు, బూజువలలు, తాళాలు, అన్నీ విడివిడి ప్రభావాలు. ఒక డిస్పెల్‌తో ఒకటే పోతుంది. డిస్పెల్‌ను చివరి ఉపాయంగా దాచుకోమని నేను అందరికీ చెబుతాను.

అలారం మంత్రాన్ని మోగకుండా దాటగలమా?

అలారం మొదటి స్థాయిదే. కానీ దీని వల్ల పాడైన దొంగతనాలు మా టేబుల్ మీద లెక్కలేనన్ని. ఒక తలుపు, ఒక కిటికీ, లేదా 20 అడుగుల ఘనం దాటని చోటు మీద 8 గంటలు పనిచేస్తుంది. టైనీ (అతి చిన్న) పరిమాణం, ఆపైన ఉన్న ఏ జీవి తాకినా, లోపలికి వచ్చినా మోగుతుంది. ఎలుక కూడా టైనీయే, కాబట్టి చిన్న జంతువుగా మారి దూరడం కుదరదు. రెండు రకాలు: చేతిగంటలా 10 సెకన్లు 60 అడుగుల దాకా వినిపించేది ఒకటి, వేసినవాడు మైలు దూరం లోపు ఉంటే వాడి మనసులో మాత్రమే మోగి నిద్రలేపేది ఇంకొకటి.

తలుపు మీద ఉంటే కిటికీ చూడండి. రాత్రి 10కి వేశాడని తెలిస్తే తెల్లవారి 6 దాటాక రండి. అన్నిటికన్నా మంచిది, మంత్రం పాఠంలో "వీళ్లు వస్తే మోగదు" అని వేసినవాడే కొందరిని ఎంచుకునే వీలుంది. ఆ వంటమనిషిని మాటల్లో పెట్టి, కావలసిన వస్తువును ఆమె చేతే బయటికి తెప్పిస్తే మీరు గడప తొక్కక్కర్లేదు.

మా నెల్లూరు అమ్మాయి వేరే దారి పట్టింది. సంచిలో మూడు ఎలుకలు తెచ్చి, అరగంటకు ఒకటి చొప్పున కిటికీలోంచి వదిలింది. మొదటిసారి మాంత్రికుడు కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. రెండోసారి తిట్టుకుంటూ వచ్చాడు. మూడోసారి దుప్పటి ముసుగేసుకున్నాడు. నాలుగోసారి మోగింది ఆమె ఆడించే రోగ్ (దొంగ పాత్ర) అడుగుపెట్టినందుకు. "నాన్నా పులి" కథ అంతా అందులో ఉంది. ఆమెకు ఆ వారం ఇన్‌స్పిరేషన్ (ఆటలో డీఎం ఇచ్చే మెచ్చుకోలు) ఇచ్చాను.

ఆర్కేన్ లాక్ వేసిన తలుపును నాక్‌తో తెరిస్తే అందరూ ఎందుకు లేస్తున్నారు?

నాక్ పెద్ద చప్పుడు చేస్తుంది, 300 అడుగుల దాకా వినిపిస్తుంది. తాళం తీసే మంత్రానికి అదే వెల. తలుపు బిగించే మంత్రమైన ఆర్కేన్ లాక్‌ను అది 10 నిమిషాలు పడుకోబెడుతుంది, పూర్తిగా తీసేయదు. లోపల పని ఆలస్యమైతే తిరిగి వచ్చేసరికి తలుపు బిగుసుకుని ఉంటుంది.

చప్పుడుకు విరుగుడు ఉంది, దీన్ని ప్రతి కొత్త జట్టుకూ గీసి చూపిస్తాను. అవెన్యూ రోడ్డులో కొన్న గ్రాఫ్ పుస్తకంలో ఒక గడి 5 అడుగులు. తలుపు మధ్యలో చుక్క పెట్టి, నాలుగు గడుల దూరంతో వలయం గీయండి. అది క్లెరిక్ (పూజారి పాత్ర) వేసే సైలెన్స్ మంత్రం: 20 అడుగుల వ్యాసార్ధం, 10 నిమిషాలు. దాని లోపల చప్పుడు పుట్టదు, బయటికి రాదు. అయితే లోపల నిలబడి నోటితో పలికే మంత్రం కూడా వేయలేరు. నాక్‌కు కావలసింది నోరే. కాబట్టి విజార్డును వలయం బయట, ఆరో గడిలో నిలబెట్టండి. నాక్ 60 అడుగులు అందుతుంది. మంత్రం బయట పలుకుతాడు, చప్పుడు లోపల పుట్టాలి, పుట్టదు. తలుపు తెరుచుకుంటుంది. మా చిత్తూరు తమ్ముడు మొదటిసారి దీన్ని చేసినప్పుడు టేబుల్ చుట్టూ ఉన్నవాళ్లం కూడా ఊపిరి బిగబట్టాం.

స్లాటే వద్దనుకుంటే ఓపిక కావాలి. ఆర్కేన్ లాక్‌కు సంకేతపదం పెట్టుకోవచ్చు, తలుపుకు 5 అడుగుల్లో పలికితే 1 నిమిషం తాళం ఊరుకుంటుంది. అంటే ఇంటివాడు రోజూ ఆ మాటను గుమ్మం ముందు నోటితో అంటున్నాడు. చూరు మీద పడుకుని వింటే చాలు. తాళం విప్పడానికీ తలుపు విరగ్గొట్టడానికీ కష్టం 10 పెరుగుతుంది నిజమే, కానీ పక్కనున్న మట్టిగోడకు ఏమీ పెరగదు.

గ్లిఫ్ ఆఫ్ వార్డింగ్‌కు మా రోగ్ రెండుసార్లు చచ్చాడు. ఏం చేయాలి?

ఎవరైనా తాకినా తెరిచినా పనిచేసేలా గీసి ఉంచే మంత్రపు గుర్తు ఇది. ముందు దాని వెల తెలుసుకోండి. వేయడానికి ఒక గంట, 200 బంగారు నాణేల విలువైన వజ్రపు పొడి. పని అయ్యాక పొడి మిగలదు. అంత ఖర్చు పెట్టి ఎవరూ మరుగుదొడ్డి తలుపు మీద వేయరు. విలువైన చోట, ముఖ్యంగా తెరిచి మూసే వస్తువుల మీద చూడండి: పుస్తకం, పెట్టె, చుట్టిన పత్రం.

గీత దాదాపు కనిపించదు. ఇన్వెస్టిగేషన్ చెక్ వేసినవాడి స్పెల్ సేవ్ డీసీని (వాడి మంత్రాన్ని తట్టుకోవడానికి కావలసిన అంకెను) అందుకోవాలి. పేలే రకమైతే 20 అడుగుల వ్యాసార్ధంలో 5డీ8 (ఎనిమిది ముఖాల పాచికలు ఐదు) దెబ్బ, సగటున 22.5. అందరూ మూగి వంగి చూడటం అక్కడ కొంప ముంచుతుంది. ఒకరు చూడాలి, మిగతావాళ్లు ఐదు గడుల అవతల ఉండాలి.

దీనికి ఒక బలహీనత ఉంది. గ్లిఫ్ వేసిన వస్తువును వేసిన చోటు నుంచి 10 అడుగులకు మించి కదిపితే, అది పేలకుండానే చెడిపోతుంది. మేజ్ హ్యాండ్ అనే మంత్రపు చెయ్యి 10 పౌండ్ల దాకా మోస్తుంది, 30 అడుగుల దూరం నుంచి పనిచేస్తుంది. వ్యాసపీఠం మీది పుస్తకాన్ని ఆ చేత్తో నెమ్మదిగా లేపి మూడు గడులు జరిపారంటే కట్టు తెగింది. ఇక్కడ డీఎంని ఒక మాట అడగాలి: "ఎత్తితే పేలుతుంది" అని గ్లిఫ్ వేసినవాడు షరతు పెట్టి ఉంటే? పేలుతుంది. అప్పుడైనా మీరు దూరంగా ఉన్నారు, మంత్రపు చెయ్యికి దెబ్బ తగలదు.

ఆ షరతులోనే దారి కూడా ఉంటుంది. ఎత్తు, బరువు, జాతి ఇలా ఎవరికి పేలాలో రాసుకోవచ్చు, ఫలానా మాట అన్నవాళ్లకు పేలకూడదనీ పెట్టుకోవచ్చు. శిష్యుడు ఆ పుస్తకం చదువుతున్నాడంటే శిష్యుడికి ఆ మాట తెలుసు.

టెలిపోర్ట్ చేసి లోపలికి దూకేస్తే సరిపోతుంది కదా?

టెలిపోర్ట్ అంటే ఒక చోట మాయమై ఇంకో చోట తేలడం. మిస్టీ స్టెప్ మంత్రంతో 30 అడుగులు, కానీ కనిపించే చోటికే. తాళంచెవి కంతలోంచి ఒక అడుగు నేల కనబడినా నా టేబుల్ మీద ఒప్పుకుంటాను. డైమెన్షన్ డోర్ 500 అడుగులు, చూడక్కర్లేదు.

పెద్దవాళ్ల ఇళ్లలో ఇవి పనికిరావు. ఒక చోటికి రాకుండా అడ్డుకునే ఫర్బిడెన్స్ మంత్రం ఆరో స్థాయిది, 40,000 చదరపు అడుగులు కప్పేస్తుంది. మన బెంగుళూరు లెక్కలో 30×40 అడుగుల సైట్లు 33. ఆ మేర టెలిపోర్ట్‌తో లోపలికి రావడం ఉండదు. అదే చోట 30 రోజులు రోజూ వేస్తే శాశ్వతమైపోతుంది, పాత గుళ్లన్నిటికీ ఇది ఉందనుకునే నడవండి. గార్డ్స్ అండ్ వార్డ్స్ రెండు సైట్లంత, 2,500 చదరపు అడుగులే, కానీ ఏడాది పొడవునా రోజూ వేయాలి శాశ్వతం కావాలంటే. ఈ రెండిటికీ సంకేతపదం పెట్టుకునే వీలుంది. ఫర్బిడెన్స్‌లో ఆ మాట, కొన్ని రకాల జీవులు లోపలికొస్తే అది కొట్టే దెబ్బ నుంచి కాపాడుతుంది తప్ప టెలిపోర్ట్‌కు దారివ్వదు.

లోపలికి దూకడం కన్నా నాకు భయం వేసేది తిరిగి రావడం. అభిమన్యుడికి పద్మవ్యూహంలోకి వెళ్లడం వచ్చు, బయటికి రావడం రాదు. పథకం చెప్పే ఆటగాణ్ని నేను ప్రతిసారీ అడుగుతాను, "వచ్చేటప్పుడు ఏ స్లాట్‌తో వస్తావురా?" అని. జవాబు లేకపోతే ఇంకో కాఫీ తాగి పథకం మార్చుకోమంటాను.

వాల్ ఆఫ్ ఫోర్స్ ముందు ఏదీ పనిచేయడం లేదు.

మంత్రంతో నిలబెట్టిన ఈ గోడ దెబ్బలకు చెక్కుచెదరదు, డిస్పెల్‌కు లొంగదు. డిసింటిగ్రేట్ (బుగ్గి చేసే మంత్రం) తగిలితే అప్పటికప్పుడు పోతుంది, అది పదకొండో లెవెల్ మాట. అంతదాకా? దాన్ని నిలబెట్టేది ఒకడి ఏకాగ్రత, ఎక్కువలో ఎక్కువ 10 నిమిషాలు. గోడను వదిలి మనిషిని చూడండి. దెబ్బ తగిలిన ప్రతిసారీ వాడు ఏకాగ్రత నిలుపుకోవడానికి కాన్‌స్టిట్యూషన్ సేవ్ (దేహదారుఢ్యం మీద పాచిక) వేయాలి, 10 గాని దెబ్బలో సగం గాని ఏది ఎక్కువైతే అది అందుకోవాలి.

టైనీ హట్ అనే మంత్రపు గుడారంలో దాక్కున్న విజార్డుకు వేరే మందు. వాడు గుడారం దాటి బయటికొస్తే మంత్రం పోతుంది. కాబట్టి వాణ్ని రప్పించాలి. లక్ష్మణరేఖ కథ వాల్మీకంలో లేదు గానీ మన రంగనాథ రామాయణంలో ఉంది. రావణుడు గీతను తుడిచే ప్రయత్నం మానేసి బిచ్చగాడై నిలబడ్డాడు. కట్టు లోపల ఉన్నవాళ్ల దయ, కోపం, ఆశ, ఇవి కట్టుకు లోబడవు. మా గుంటూరు అన్న ఒకసారి గుడారం బయట కూర్చుని, ఆ విజార్డు రాసిన గ్రంథంలో తప్పులు ఒక్కొక్కటే గట్టిగా చదివాడు. ఐదో తప్పుకు వాడు బయటికొచ్చాడు.

ప్రిజ్మాటిక్ వాల్?

రంగురంగుల పొరల మంత్రపు గోడ ఇది. తొమ్మిదో స్థాయి, కాబట్టి పదిహేడో లెవెల్ దాకా మీకు అవసరం రాదు. ఏడు పొరలు, వరసగానే పోవాలి: ఎరుపుకు చలి, నారింజకు పెనుగాలి, పసుపుకు ఫోర్స్ దెబ్బ, ఆకుపచ్చకు పాస్‌వాల్ (గోడలో దారి తెరిచే మంత్రం), నీలానికి నిప్పు, ఇండిగోకు డేలైట్ వెలుగు, చివరి ఊదాకు డిస్పెల్ మేజిక్. కాగితం మీద రాసి పెట్టుకోండి.

విజార్డ్ ఉండగా రోగ్ దేనికి?

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఆట తెచ్చినప్పుడు దొంగ అనే పాత్ర రకమే లేదు. 1975 అనుబంధ పుస్తకంతో వచ్చింది. మూడో ఎడిషన్‌లో మంత్రపు ఉచ్చులను వెతికి విప్పే హక్కు రోగ్‌కు ప్రత్యేకంగా ఇచ్చారు. ఐదో ఎడిషన్‌లో ఆ కంచె తీసేశారు, గ్లిఫ్‌ను పనిముట్లతో విప్పొచ్చని మంత్రం పాఠం ఎక్కడా చెప్పదు. నా టేబుల్ మీద నేను ఒప్పుకుంటాను, గ్లిఫ్ ఏమిటో ముందు కనిపెట్టి, దాని షరతు తెలుసుకున్నాకే. రోగ్‌కు స్లాట్లు అయిపోవు. పదో గుమ్మం దగ్గర విజార్డ్ చేతులెత్తేసినప్పుడు మిగిలేది అతనే.

మన కథల్లోంచి కట్లు తయారు చేసుకోవచ్చా?

తప్పకుండా. నాకు ఈ ఆటలో అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే. పుస్తకంలోని కట్టు చేతిలో అంకె పెడుతుంది, మన కథల్లోని కట్టు మాట పెడుతుంది.

హిరణ్యకశిపుడి వరం చూడండి. పగలు కాదు, రాత్రి కాదు. ఇంట కాదు, బయట కాదు. మనిషి కాదు, మృగం కాదు. ఎంత పకడ్బందీగా రాసుకున్నాడో అంత స్పష్టంగా దారి చూపించాడు: సంధ్యవేళ, గడప మీద, నరసింహుడు. వరాన్ని ఎవరూ బద్దలు కొట్టలేదు, అక్షరం పొల్లుపోకుండా పాటించారు. ఇలాంటి కట్టును నేను రాస్తే మూడు షరతులకు మించి పెట్టను, ప్రతి షరతునూ ఊళ్లో ఒక్కొక్కరి నోట వినిపిస్తాను.

ఇంద్రజిత్తు నికుంభిలలో హోమం పూర్తయితే అజేయుడు. విభీషణుడు ఆ సంగతి చెప్పి లక్ష్మణుణ్ని ముందే తీసుకెళ్లాడు. ఇంటిగుట్టు తెలిసినవాడు ఒకడు జట్టువైపు రావడం, క్రతువు మధ్యలో ఆపడం, ఈ రెండూ చాలు ఒక ఆదివారమంతా ఆడటానికి. ఏడు సముద్రాల అవతల మర్రితొర్రలో చిలుకలో మాంత్రికుడి ప్రాణం ఉంటుందని మన అమ్మమ్మలు చెప్పిన కథ ఉందే, అది అసలైన పాఠం. కోట ముందు ఎంత కొట్టుకున్నా లాభం లేదు, కట్టు ముడి వేరేచోట ఉంది.

డీఎంగా నేను కట్లు పెట్టేటప్పుడు ఏం చూసుకోవాలి?

ఇంటివాడిగా ఒక రోజు గడిపి చూడండి. పొద్దున లేచి నీళ్లకు ఎలా వెళ్తాడు, పాలు ఎవరు పోస్తారు, మాట మరిచిపోతే ఏం చేస్తాడు. ఈ మూడిటికి జవాబు రాసుకుంటే సూచనలు వాటంతటవే పుడతాయి. ఆటగాళ్లకు ఒక్క దారే ఉంచకండి. నేను ఒకసారి ఒకే ఒక్క జవాబున్న తలుపు పెట్టి, రెండున్నర గంటలు ఐదుగురిని దాని ముందు కూర్చోబెట్టాను. ఎవరూ ఏమీ అనలేదు, కానీ పులిహోర ప్లేట్లు తీస్తున్నప్పుడు వాళ్ల మొహాలు చూసి బాధేసింది. అప్పటి నుంచి ప్రతి కట్టుకు నేను ఊహించిన దారులు రెండు, ఊహించనిదానికి ఒక ఖాళీ ఉంచుతున్నాను.

టేబుల్ మీద కన్నడ, తమిళ మిత్రులున్నారు. పొడుపుకథ తాళాలు తెలుగులో పెట్టొచ్చా?

పెట్టండి, నెమ్మదిగా రెండుసార్లు చదివి అర్థం చెప్పండి. మొన్న ఒక గుహ తలుపు మీద రాతిలో ఇది చెక్కించాను: "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు." మా తెలుగువాళ్లు సైలెన్స్ మంత్రం, నూనె రాసిన బందులు, దెయ్యపు తలుపులు అంటూ పోట్లాడుకుంటున్నారు. మైసూరు మిత్రుడు మాత్రం ఏమీ మాట్లాడకుండా నా వైపు చూసి రెండుసార్లు కళ్లు ఆర్పాడు. తర్వాత "రెప్పె" అన్నాడు, కన్నడంలో. మనది "రెప్ప". ఒక అక్షరం తేడాకు తలుపు మూసి ఉంచాలా అని నేను ఆలోచించలేదు. డీఎం తెర పక్కకు జరిపి, గుహ లోపలి మ్యాప్ టేబుల్ మీద పరిచేశాను.